ఆ ‘మా’లో ఎవరున్నారు

తలుపులు తయారుచేసే ఆ కార్ఖానా బావాబావమరుదులది. పొద్దున్నే రంపం తిప్పకముందు బావ పనివాళ్లను నిలబెట్టి, చేతులెత్తి, వీధి చివరిదాకా వినపడేలా ప్రార్థించేవాడు. బావమరిది చెక్కల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. ఇద్దరూ చూపించేది ఒకే గ్రంథం. అందులో ఒకచోట తలుపేసుకుని చాటుగా అడగమని ఉంది. ఇంకోచోట ఎక్కడున్నా చేతులెత్తి అడగమని ఉంది.

ఆ రోజు బావమరిది అక్కకు, అంటే బావ భార్యకు ఆపరేషన్. ఆమెకు సరిపడే రక్తం ఊరంతా వెతికితే తమ్ముడి దగ్గరే దొరికింది. మధ్యాహ్నం అతను వెళ్లి ఇవ్వాలి.

“ఇవాళన్నా బయటుండరా. మీ అక్క కోసం అందరం కలిసి అడుగుదాం,” అన్నాడు బావ.

“నువ్వడుగు బావా. నీ గోలకి దేవుడు చెవులు మూసుకుంటే, ఇటు నా దగ్గరికొస్తాడు.”

పాలిష్ పెట్టేవాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

లోపల గడియ పడింది. బావ పిడికిళ్లతో తలుపు బాదాడు. “ఒక్కడివే కూర్చుని ‘మా తండ్రీ’ అని ప్రార్థిస్తావుగా! ఆ ‘మా’లో ఎవరున్నార్రా? నేను లేనా?”

బావ గోడకు ఆనించిన గొడ్డలి తీశాడు. మొదటి దెబ్బకు తలుపు చీలింది. మరో దెబ్బకు గొడ్డలి లోపలికి దిగింది, మనిషి కేక వినపడింది. బావమరిది ఆ తలుపునే ఆనుకుని మోకరించి ఉన్నాడు.

గడియ తీసుకుని బయటపడ్డాడు. భుజం తెరుచుకుని ఎముక కనిపిస్తోంది. రెండో చేతిలో ఉలి. దాన్ని విసురుగా తిప్పితే బావ చెంప నోటిదాకా తెగింది. ఇద్దరూ రంపపు పొట్టులో దొర్లారు. పొట్టు ఎర్రగా ముద్దకట్టింది. అది చూసి బావ ఒక్కసారిగా చేతులు వదిలేశాడు.

“ఒరేయ్, అది నీ రక్తం కాదురా! మీ అక్కదిరా!”

రెండు అరచేతులతో బావమరిది భుజాన్ని అదిమిపట్టాడు. తన చెంప సంగతి తెలియనే లేదు.

“చేతులెత్తమన్నచోటే, కోపం లేకుండా ఎత్తమని కూడా ఉంది బావా,” అన్నాడు బావమరిది పళ్లు బిగించి. “ఆ ముక్క ఎప్పుడూ మింగేస్తావు.”

ఆసుపత్రిలో బావమరిది రక్తం తీసుకోబోమన్నారు. ఇంత రక్తం పోయినవాడికే ఎక్కించాలన్నారు. పక్క ఊరి ఆసుపత్రిలో దొరుకుతుందని తెలిసి, నవ్విన పాలిష్‌వాడే మోటార్‌సైకిల్ మీద వెళ్లాడు. రక్తం సంచి పెట్టిన ఐసుపెట్టెను పసిబిడ్డలా గుండెకు కట్టుకుని తిరిగొచ్చాడు.

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కుట్లు పడిన బావకు నోరు పెగలదు. బావమరిదికి చెయ్యి లేవదు.

“మా తండ్రీ,” అన్నాడు బావమరిది పైకి, పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. ఆగి బావవైపు చూశాడు. “నువ్వూ ఉన్నావులే అందులో.”

బావ పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి.

చీకటి పడ్డాక నర్సు బయటికి వచ్చింది.

“ఆవిడకి మెలకువ వచ్చింది. ‘మా ఆయన గొంతు వినపడట్లేదేంటి, బాగానే ఉన్నాడా’ అని అడుగుతున్నారు.”