దగ్గు రాని మాస్కు

ఏ బట్ట చేతికొచ్చినా తిరగేసి కుట్టు చూడటం నాకు అలవాటు. బొల్లారంలో స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్‌లో సరుకు బాగుందో లేదో చూసి పంపించే పని నాది. నా కళ్లు దాటి ఒక్క వంకర కుట్టు కూడా బయటికి పోదని నాకు కాస్త పొగరు కూడా. అందుకే మా అమ్మాయి హిమజకు ఎముక మజ్జ మార్పిడి అయి, ఇక ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పగానే మాస్కులు కొనే పని ఎవరికీ ఇవ్వకుండా నేనే నెత్తిన వేసుకున్నాను.

డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. పిల్ల ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఇంకా తయారు కాలేదు. కొన్ని నెలల పాటు ఆమె గదిలోకి ఎవరు వెళ్లినా ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. అది ముఖానికి అతుక్కుని ఉండాలి, పక్కల నుంచి గాలి పోకూడదు. అలా పెట్టుకోలేనివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. "ఇంట్లో పెద్దావిడ సంగతి జాగ్రత్తగా చూసుకోండి," అని మళ్లీ పిలిచి మరీ చెప్పాడు.

పెద్దావిడ అంటే మా అత్తమ్మ దేవమ్మ. నేను తెల్లారి బొల్లారం బస్సెక్కి పోతే హిమజను పెంచింది ఆవిడే. అన్నం తినిపించింది, జడ వేసింది, పిల్ల డిగ్రీకి వచ్చినా పక్కలోనే పడుకోబెట్టుకుంది. ఆస్పత్రిలో ముసలివాళ్లను రానివ్వరు కాబట్టి మనవరాలిని చూడక చాలా వారాలైంది. ఫోన్‌లో చూపిస్తే ముఖం తిప్పుకునేది. "గా డబ్బాల బొమ్మను ఏం జూడాలె? నా పిల్లను నేను చేత్తోని ముట్టుకోవాలె," అనేది.

పద్మారావు నగర్‌లో అస్లం మందుల షాపుకు వెళ్లాను. అతను రకానికి ఒకటి చొప్పున బల్ల మీద పరిచాడు. ముందు గుండ్రటి ప్లాస్టిక్ మూత ఉన్న మాస్కు నాకు నచ్చింది. పెట్టుకుంటే ఊపిరి హాయిగా ఆడుతుందట.

"అది వద్దక్కా," అన్నాడు అస్లం. "పెట్టుకున్నోళ్లకు మంచిదే. కానీ మనం వదిలిన గాలి గా మూతలకెళ్లి సీదా బయటికొస్తది. మీ బిడ్డకు ఏం ఫాయిదా?"

చెవులకు తగిలించుకునేవి నేనే పక్కకు తోసేశాను. రెండు లాగుళ్లకే రబ్బరు సాగిపోయింది. తల వెనక రెండు పట్టీలు వచ్చేది తీసి, అలవాటు కొద్దీ తిరగేశాను. కుట్టే లేదు.

"ఏందయ్యా, గిది అతికిచ్చిన్రా?"

"కుడితే సూది బొక్కలు పడ్తయ్ కదక్కా."

ఇన్నేళ్ల నా విద్య అంతా అక్కడితో ఆగిపోయింది. ఇక నాకు తెలిసినవి చూశాను. పట్టీ లాగాను, ముక్కు మీది రేకు వంచితే వంచినట్టు ఉంటుందా అని చూశాను, లోపల పొరలు విడిపోతున్నాయేమో వేలితో నొక్కాను. సరుకు మంచిదే. డబ్బా కట్టమన్నాను.

"అందరికీ ఒకటే సైజా అక్కా?" అని అడిగాడు.

"ఇంట్ల చిన్నపిల్లలు ఎవరున్నరు? అందరం పెద్దోళ్లమే," అని విసుక్కున్నాను.

మర్నాడు ఆస్పత్రిలో జ్ఞానమణి సిస్టరుకు ఆ డబ్బా చూపించాను. బాగుంది కానీ మాస్కు బాగుంటే చాలదంది. వాళ్ల దగ్గర తల మీద సంచిలాంటిది వేసి, లోపల చేదు మందు కొడతారట. నోటికి చేదు తగిలితే మాస్కు లీకైనట్టు. చేదు మందు నా దగ్గరెక్కడిది? దారి పొడుగునా అదే ఆలోచించాను. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి మెట్ల దాకా వచ్చేసరికి కింది వాటాలో రోసమ్మ పోపు వేస్తున్న ఘాటుకు నాకు దగ్గు వచ్చింది. ఇంకేం, మందు దొరికింది.

పిల్ల రేపు వచ్చే ఇంట్లో పొగ పెట్టలేం కాబట్టి రోసమ్మ వంటింటినే అడిగాను. ఆమె నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోయింది. నూనె కాగాక గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాను. ముందు నేను మాస్కు పెట్టుకుని నిలబడ్డాను. కళ్లు మండాయి గానీ దగ్గు రాలేదు. తర్వాత మా ఆయన విజయేందర్. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో దగ్గుతో వంగిపోయాడు.

కారణం గడ్డం. బిడ్డ బాగై ఇంటికొస్తే కొమురవెల్లి వచ్చి తీయిస్తానని మల్లన్నకు మొక్కుకుని, ఆస్పత్రిలో చేర్చిన రోజు నుంచి పెంచుతున్నాడు. మాస్కు అంచు ఆ వెంట్రుకల మీద తేలుతోంది.

"మొక్కు తీరకముందే ఎట్ల తీస్తనే?" అన్నాడు దగ్గుతూనే.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "గీక్కో పో. దేవునికి నేను చెప్పుకుంట. నీ గడ్డం పిల్ల కంటె ఎక్కువనా?" ఆయన పైకి పోయి నున్నగా గీక్కుని వచ్చాడు. ఈసారి దగ్గు రాలేదు.

చివరికి అత్తమ్మ. పట్టీలు నేనే బిగించాను. ఆవిడ స్టవ్వు పక్కన గోడకు వీపు ఆనించి నిలబడింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. కళ్లకు మాస్కు లేదు కదా, అందరికీ కారాయి. కానీ గొంతులోంచి చిన్న చప్పుడు కూడా లేదు.

"వచ్చిందా అత్తమ్మా?"

"ఏం రాలే."

నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎంచి తెచ్చింది నేనాయె!

మర్నాడు మధ్యాహ్నం హిమజ వచ్చింది. తల మీద జుట్టు లేదు, మనిషి సగమైంది. అత్తమ్మ అప్పుడు స్నానాల గదిలో ఉంది. పిల్లను నేరుగా గదిలోకి తీసుకెళ్లి పడుకోబెట్టాం. కాసేపటికి అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని వచ్చింది. తలుపు సగం వేసి ఉంది. లోపలి నుంచి హిమజ బయటికి వినిపించేంత గట్టిగా పిలిచింది. "నానమ్మా, ఇంక రావేందే?"

అత్తమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. తోయలేదు. చెయ్యి తీసి నా వైపు తిరిగింది.

"అనుపమా, నిన్న నాకు దగ్గొచ్చింది."

"ఎప్పుడు?"

"మిరపకాయలప్పుడు. పక్కలకెళ్లి పొగ లోపలికొచ్చింది. గొంతు పట్టుకోని ఆపుకున్న. పిల్లను జూడనియ్యవని."

నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు గడ్డం తీయించిన మనిషి చేసే పనేనా ఇది? "మరి గిప్పుడెందుకు చెప్తున్నవు? ఎవ్వరికి తెల్వకపోవు కద!" అని అరిచేశాను.

"రేపు దానికి ఏమన్నయితే? నాకు తెల్వదా?"

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో పోయింది. లోపల హిమజ ఏడుపు అందుకుంది. "ఏం కాదు, నువ్వు రా నానమ్మా," అంటోంది. అత్తమ్మ తలుపుకు నోరు దగ్గర పెట్టి "రాను బిడ్డా," అంది. పోయి కిటికీ కింద నేల మీద కూర్చుంది. మాస్కు మాత్రం తీయలేదు.

అప్పుడు, మొదటిసారి, మాస్కును కాదు, ఆవిడ ముఖాన్ని చూశాను. పళ్లు పోయి బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. గడ్డం పైకి ముడుచుకుపోయింది. నేనంత ఎంచి తెచ్చిన మాస్కు రెండు పక్కలా వేలు దూరేంత సందుతో లేచి నిలబడింది. పిల్లల కొలతలు చూసి చొక్కాలు వెనక్కి పంపే మనిషిని, ఇంట్లో మనిషి కొలత చూడలేదు. సిగ్గేసింది. ఆవిడ పక్కనే కూర్చుని బుగ్గ మీద చెయ్యి పెట్టాను.

"లే అత్తమ్మా. షాపుకు పోదాం. నీ మొఖం లేకుండ మాస్కు కొనుడు నాదే తప్పు."

విజయేందర్‌ను పిల్ల దగ్గర ఉంచి ఆటోలో వెళ్లాం. అస్లం ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న సైజులవి, గిన్నెలా ఉన్నవి, మధ్యలో మడత విప్పుకునేవి అన్నీ తీశాడు. "అమ్మా, రెండు చేతులు మీద పెట్టి గట్టిగ ఊదు. చెంపలకు గాలి తగుల్తున్నదా?" అని ఓపికగా అడిగాడు. తగలనివన్నీ ఏరుకుని, మళ్లీ రోసమ్మ వంటింటికే చేరాం.

"మళ్లా షురూ చేసిన్రా?" అని రోసమ్మ తిట్టుకుంటూ వాకిట్లోకి పోయింది.

మొదటిది పెట్టుకుని అత్తమ్మ స్టవ్వు దగ్గరికి పోయింది. వెంటనే దగ్గింది. సిగ్గుపడకుండా, వీధి చివర దాకా వినబడేలా దగ్గింది. దాన్ని పీకి నా చేతిలో పెట్టింది. రెండోది బాగానే ఉందనిపించింది. చాలాసేపు నిలబడింది. నేను ఆశగా చూస్తున్నాను. "జెర వచ్చింది," అంది నీరసంగా. "కొంచెమే. కానీ వచ్చింది." అది కూడా తీసేసింది. తర్వాతి దాంట్లో తల అటు ఇటు తిప్పగానే దగ్గు. ఆవిడ గొంతు పచ్చిపుండైపోయి ఉంటుంది. ఇంక చాలు, రేపు చూద్దామన్నాను. వినలేదు.

చివర్లో మడత విప్పే చిన్న మాస్కు పెట్టాను. ముక్కు మీది రేకు నొక్కి, పట్టీ ఒకటి మెడ మీదికి, ఒకటి నడినెత్తికి సర్ది, బుగ్గల వెంట వేలు పోనిచ్చి చూశాను. సందు దొరకలేదు. మిరపకాయలు కొత్తవి వేశాను. అత్తమ్మ బాండీ మీదికి వంగింది. పీల్చింది. తల అటు ఇటు తిప్పి మళ్లీ పీల్చింది. కళ్ల నీళ్లు మాస్కు అంచు దాకా జారుతున్నాయి.

"రాలే," అంది.

నిన్న కూడా ఇదే మాట అంది. నేను ఇంకోసారి అడగలేదు. స్టవ్వు ఆపేసి, "పైకి పా అత్తమ్మా, పిల్ల ఎదురుచూస్తున్నది," అన్నాను.