గుడ్లగూబను గీకెయ్యమన్న పెద్దమనిషి

జార్జ్ టౌన్‌లో బడిపిల్లల పతకాలకు అచ్చులు చెక్కే రాగిణి, ఇరవై ఏళ్లలో దిక్కుమాలిన బొమ్మలెన్నో చెక్కింది. చెక్కి ఉన్న బొమ్మను చెరిపెయ్యమని వచ్చినవాడు మాత్రం కిశోర్‌కుమార్ ఒక్కడే.

ఆయన తెలుగు సంఘంలో పెద్దమనిషి. సంస్కృతి మీద మైకు పట్టుకుంటే వదలడు. ఓడల్లో పనిచేసిన మేనమామ పోతూ పోతూ ఇచ్చిన వెండి నాణేన్ని తెచ్చి బల్ల మీద విసిరాడు.

"గ్రీకుదట. ఈపక్క ఆడమనిషి మొకం ఉండనీ. ఎనక గుడ్లగూబ ఉంది సూడు, అరిష్టం. దాన్ని గీకేసి లక్ష్మీదేవిని సెక్కు. గొలుసుకి ఏసుకుంటాను."

నకిలీయే అయ్యుంటుందని రాగిణి భూతద్దం కింద పెట్టింది. నకిలీల్లో కనిపించే పోత జాడ అంచున లేదు. అచ్చు మీద సుత్తి దెబ్బకు వెండి పక్కలకు పాకిన సన్నటి గీతలున్నాయి. కుచ్చు శిరస్త్రాణం పెట్టుకున్న గ్రీకు దేవత ఎథీనా ముఖం పక్కకు తిరిగి ఉంది, కన్ను మాత్రం మనవైపే చూస్తోంది. వెనక గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ఏథెన్స్ పేరులో మొదటి మూడక్షరాలు. కరెంటు దీపమే లేని కాలంలో ఎవడో పనివాడు ఇదంతా తిరగేసి అచ్చులో చెక్కాడు.

"కిరీటం మీద కుచ్చు సగమే పడింది. పని రానోడు సేసినాడు లా," అన్నాడు కిశోర్‌కుమార్, ఆ ఊరి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

రాగిణికి ఒళ్లు మండింది. "పని రానోడా? ఆ కన్ను సూడండన్నా, ఎలా సెక్కినాడో! గుడ్లగూబ ఆ దేవత పక్షి, తెలివికి గుర్తు."

"గుడ్లగూబకి తెలివేటి!" పకపకా నవ్వాడు. "లోతుగా గీకు."

"నేను గీకను."

"ఎదురు కొట్టోడు పది నిమిషాల్లో గీకుతాడు."

'మీకు కొత్త వెండిలో లక్ష్మిని చేసిస్తాను, ఇది నాకిచ్చెయ్యండి' అంటే ఎగిరి గంతేసేవాడు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా కాజేస్తే ఈ మనిషిని చూసి అసహ్యించుకునే హక్కు తనకుండదు.

"అన్నా, ఇది అసలుది. రెండువేల నాలుగొందల ఏళ్ల నాటిది. గీకితే దీని వెల పోతాది."

వెల అన్న మాటకు కిశోర్‌కుమార్ నవ్వు ఆగిపోయింది. నాణేన్ని పసిబిడ్డలా జేబురుమాల్లో చుట్టుకున్నాడు. అరిష్టం ఊసే ఎత్తకుండా వెళ్లిపోయాడు.

నెల తిరగ్గానే సంఘం సభలో, రాగిణి ముందే, గ్రీకు కళ మీద గంటసేపు ఉపన్యాసం దంచాడు. "నాకే ముందు తెలిసింది, ఆ కన్ను సూసి!" అన్నాడు. వెనక వరసలోంచి రత్నావతి టీచరు, ఒకసారి చూపించమంది.

"బ్యాంకు లాకర్లో పెట్టినాను. ఎవులికీ సూపించను. మన సంస్కృతిని మనమే కాపాడుకోవాల."

సభంతా చప్పట్లు. చేయి మారుతూ తిరగడానికి పుట్టిన నాణేన్ని ఇనప్పెట్టెలో పూడ్చి, దానికి కాపాడటమని పేరు పెట్టిన ఆ మనిషిని రాగిణి ఎగాదిగా చూసింది. టీ కూడా తాగకుండా లేచి బయటికొచ్చేసింది.