జంట సీటు

"మా ఆవిడ ఊపిరి తీసుకోవడం లేదమ్మా. ఇందాకే అడ్రసు చెప్పాను కదా, ఇంకా ఎంతసేపు?"

హెడ్‌సెట్‌లో ముసలాయన గొంతు వణుకుతోంది. ఇవతల ఆమె నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. ఛాతీ మీద ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎంత బలంగా నొక్కాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు రావడం లేదు.

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఎవరూ ఒంటరిగా కూర్చోరు. ఇద్దరిద్దరికీ జంట సీటు. ఒకరు తడబడితే బల్ల మీద తడతారు, పక్కవాళ్ళు ఆ లైను లాక్కుంటారు. ఆమె తట్టింది. పక్క సీటులో ఉన్నది సొంత చెల్లెలే. నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ గోడకేసి చూస్తోంది. ఆమె మళ్ళీ తట్టింది. ముసలాయన ఏడుపు మొదలైంది. అప్పుడు చెల్లెలు తీరిగ్గా ఇటు తిరిగి, లైను లాక్కుని, బండి పంపింది.

బండి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

"మంచుగడ్డ పూర్తిగా కరిగిపోయిందిరా," అన్నారెవరో వెనక వరసలో. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఒకప్పుడు ఆమెకి ఆ పేరు పొగడ్తగా పెట్టిందే. ఎంత ఘోరమైన కాల్ వచ్చినా ఆమె గొంతు చల్లగా ఉండేది. అలా ఏళ్ళ తరబడి లాగింది. ఒకరోజు సబ్బు కొనడానికి వెళ్ళి, ఏ సబ్బు తీసుకోవాలో తేల్చుకోలేక దుకాణంలో నేల మీద కూలబడిపోయింది. ఆ తర్వాత నెలల సెలవు. పగలంతా పడకే. డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ నిద్రపోవడం నేర్పింది, నడవడం నేర్పింది. చివరికి, "తేలిక లైనుతో మొదలుపెట్టు," అని డ్యూటీకి పంపింది. తేలిక లైనుకి వచ్చేవన్నీ బండి ఎక్కడిదాకా వచ్చింది, ఆసుపత్రికి దారెటు లాంటి కాల్సే.

కానీ మళ్ళీ చేరిన ఈ వారం రోజులుగా ఆ లైనులోకి నీళ్ళలో పడిన పిల్లలు, మేడ మీంచి జారిన మనుషులు వస్తున్నారు. మెకానిక్ వచ్చి చూసి యంత్రంలో ఏ లోపమూ లేదన్నాడు. ఆమె మెదడులోనే లోపమన్నట్టు చూసి మరీ పోయాడు.

ఇవాళ ఇన్‌చార్జి కబురు పంపాడు. "కాసేపట్లో నా గదికి రండి. పోయినావిడ కొడుకు వచ్చి కూర్చున్నాడు. అతనికి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ఆ పేరు మీదైతే ఇక సీటు మర్చిపోండి."

బాత్‌రూమ్‌లో మొహం కడుక్కుంటుంటే ఆమె చేతులు ఆగిపోయాయి. 'ఇందాకే చెప్పాను కదా' అన్న మాట గుర్తొచ్చింది. ముసలాయనే కాదు, వారం నుంచీ ప్రతి ఘోరమైన కాల్‌లోనూ అదే మాట. కొత్త కాల్ అయితే ముందు బీప్ వినిపించాలి. వీటిలో ఒక్కదానికీ బీప్ లేదు. అంటే వాళ్ళంతా అప్పటికే ఎవరికో చెప్పుకున్నారు. ఆ ఎవరో విని, ఆమె వైపు తోసేశారు. తేలిక లైనులోకి కాల్ తోయగలిగే మీట జంట సీటులో పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది.

తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. "అక్కా, భయపడకు. సార్‌తో నేను మాట్లాడతాలే. నీకింకా నయం కాలేదని చెప్తా. ఇంట్లో హాయిగా పడుకుందువు గాని."

"ముసలాయన ముందు అడ్రసు ఎవరికి చెప్పాడే?"

చెల్లెలు కొళాయి కట్టేసింది. "ఇన్నాళ్ళు పట్టిందా నీకు? పాత మంచుగడ్డయితే మొదటి రోజే పట్టేసేది."

"ఎందుకు చేశావ్?"

"నువ్వు పడుకున్నన్నాళ్ళూ నీ షిఫ్టూ నేనే, నా షిఫ్టూ నేనే. ఇంటికొచ్చి నీకు తల కూడా దువ్వాను. అమ్మ ఏమనేదో తెలుసా? అక్కది మెత్తటి మనసు, నీది రాయి, నువ్వు తట్టుకుంటావులే అనేది. ఓ పిల్లాడు నీళ్ళలో పడ్డాడని కాల్ వచ్చింది. నావల్ల కాక నీ వైపు తోశా. మొదట భయమేసింది. తర్వాత నువ్వు వణుకుతుంటే చూడ్డం బాగుండింది."

"ఇవాళ బల్ల తట్టాను."

"విన్నా."

ఆమె చెల్లెల్ని అప్పుడు సరిగ్గా చూసింది. గోళ్ళు నెత్తురొచ్చేదాకా కొరికేసి ఉన్నాయి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఆరోజు దుకాణంలో కూలబడడానికి ముందు తనూ అచ్చం ఇలాగే ఉంది.

"సార్‌తో చెప్తావా?" చెల్లెలి గొంతు సన్నబడింది. "నువ్వు పడిపోతే డాక్టరమ్మ ఉంది, అమ్మ ఉంది, నేనున్నాను. నేను పడిపోతే ఎవరున్నారక్కా?"

ఆమె మొహం తుడుచుకుని ఇన్‌చార్జి గది వైపు నడిచింది.

గదిలో ఇన్‌చార్జి ఉన్నాడు. అతని పక్కన, పోయినావిడ కొడుకు పిడికిళ్ళు బిగించి కూర్చున్నాడు. ముందుగా చెల్లెలే అందుకుంది. "సార్, మా అక్కకి ఇంకా ఒంట్లో..."

"మీరాగండి," అన్నాడు ఇన్‌చార్జి. "తేలిక లైనులోకి ఈ కాల్ ఎలా వచ్చిందో ఆవిడనే చెప్పనీండి. జాగ్రత్తగా చెప్పండమ్మా. మీరు చెప్పిన పేరే పోలీసులకి వెళ్తుంది."

బల్ల కింద చెల్లెలి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. తనకి నెలల పాటు అన్నం కలిపి పెట్టిన చెయ్యి. ఎదుటివాళ్ళ బరువు నెత్తికెత్తుకోవడం మానుకో, అప్పుడే నువ్వు బాగుపడినట్టు, అని డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా చెప్పేది. ఇన్నాళ్ళూ అది ఎలా మానుకోవాలో ఆమెకు అంతుపట్టలేదు.

ఆమె ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసింది. నెలల తర్వాత గొంతు మళ్ళీ చల్లగా, స్పష్టంగా పలికింది.

"దాన్ని నా లైనులోకి తోసింది మా చెల్లెలు."