ఎడమ జేబు

కిరసనాయిలులో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో పాండురంగ రంపపు బిళ్ల పళ్లను ఒక్కొక్కటిగా తోముతున్నాడు. టేకు జిగురు కరిగి పాతబెల్లం పాకంలా జారుతోంది. నలభై పళ్లు. పసిపిల్లకు నీళ్లు పోసినంత ఓపిగ్గా తోమి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎడమచేత్తో బిళ్లను అదిమి పట్టుకున్నాడు కానీ, గుమ్మంలో నీడ పడగానే ఆ చేయి తనంతట తానే నీలం కోటు జేబులోకి దూరింది.

పందొమ్మిదేళ్ల అలవాటు అది. ఆ చేతికి చూపుడువేలు, నడిమివేలు సగానికే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "చిన్నప్పుడు చెరుకురసం మిషన్ల వడి పోయినయి" అంటాడు. నాచారంలోని ఈ కరెంటు పనిముట్ల దుకాణంలో చేరిన రోజున పెద్ద సేటుకూ అదే చెప్పాడు. ఇప్పుడు దుకాణం చూసుకుంటున్న సేటు కొడుకు దుర్గేష్‌కు తెలిసిందీ అదే. జేబు చిరిగినప్పుడల్లా మాట్లాడకుండా కుట్టిపెట్టే భార్య వెంకటనర్సమ్మకు ఒక్కదానికే అసలు సంగతి తెలుసు.

"మామ, ఉప్పల్ పార్టీ మూడుసార్లు ఫోన్ జేసిన్రు," గుమ్మంలో నిలబడి అన్నాడు దుర్గేష్. "కొత్తగ పెండ్లయినోళ్లు. బంగారం కొన్నా గింత సంబురం ఉండదు."

పాండురంగకు నవ్వొచ్చింది. ఆ జంట మొన్న ఆదివారం వచ్చింది. బిందుమాధవి అనే ఆ అమ్మాయి అన్నిట్లోకీ పెద్ద మోటారున్న టేబుల్ రంపం ముందు ఆగిపోయింది. చెప్పుల స్టాండు, పుస్తకాల అర, వీలైతే ఉయ్యాల, అన్నీ తనే చేస్తుందట. "మోటరు గాదమ్మా జూసేది," అన్నాడు పాండురంగ. "చెక్కను ఆనించి తోసే ఈ పట్టా ఉన్నది జూడు, బిగిస్తే ముందూ ఎనకా రెండు దిక్కుల కదలొద్దు. గది జూసి కొనాలె." ఆమె వెంటనే అతను చూపించిన చిన్న రంపాన్నే ఎంచుకుంది.

ట్రాలీ ఆటోలో రంపం ఉప్పల్ చేరింది. మూడో అంతస్తు. గుమ్మానికి పెళ్లినాటి తోరణం ఎండి గలగలలాడుతోంది. వెనక బాల్కనీలో రంపాన్ని నిలబెట్టగానే బిందుమాధవి పసుపు, కుంకుమ తెచ్చింది. "ఒక్క నిమిషం బాబాయ్‌గారూ, బొట్టు పెట్టనివ్వండి." వేళ్లు తగలకుండా బిళ్ల మీద ఉండే పారదర్శకమైన మూతకు బొట్టు పెట్టింది. భర్త విజయభాస్కర్ నిమ్మకాయ ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "దీనికి చక్రాలు లేవుగా, నీ నెత్తిన పెట్టుకో," అందామె.

పాండురంగ పట్టాను బిళ్లకు సమానంగా సరిచేసి బిగించాడు. ఆమె వంగి చూసింది. "ఈ మూత తీసేస్తారా? కోయాల్సిన గీత కనబడట్లేదు. వీడియోల్లో ఎవరూ పెట్టుకోవట్లేదు."

దానికి ఆలోచించే పనిలేదు. ఈ వ్యాపారంలో బిగించిన రోజే మూత తీసివ్వడం ఒక మర్యాద. వడ్రంగులు అడుగుతారు, అతను తీస్తాడు. దుకాణం వెనక గోనెసంచి నిండా అవే ఉన్నాయి. కానీ బోల్టులు విప్పడానికి రెండు చేతులూ కావాలి. ఎడమచేయి జేబులోంచి తీసి మూత విప్పాడు.

"అయ్యో, చేతికేమైందండీ?"

"చెరుకురసం మిషనమ్మా. చిన్నప్పుడు."

"పాపం. అయితే ఇన్నేళ్లలో ఈ రంపంతో మీకేం కాలేదన్నమాట?"

"ఏం గాలే."

"విన్నావా భాస్కర్? ఊరికే భయపడి చస్తావు," అంటూ ఆమె బల్ల మీద అరచేతులు రెండూ ఆనించింది. పది వేళ్లకూ గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది.

టీ తాగి కిందికి దిగాడు. మెట్రో పిల్లర్ల కింద బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. కండక్టరు ఏదో తిట్టి విజిలేశాడు.

పందొమ్మిదేళ్ల కింద లాలాపేటలో ఉన్న తన సొంత వడ్రంగి షెడ్డు గుర్తొచ్చింది. ఆ రోజు పట్టా బిగించింది తనే. వెనకవైపు వెంట్రుకంత వంకర. మూత మేకుకు వేలాడుతోంది. బిళ్లకు పట్టుకున్న చెక్క వెనక్కి తన్ని, తిరిగి, చేతిని బిళ్ల మీదికి లాక్కుంది. దవాఖానాలో నొప్పికంటే ముందు గుర్తొచ్చింది ఒకటే: రంపం సెట్ చేసుకోవడం రానివాడంటారు. చెరుకురసం కథ అక్కడే పుట్టింది.

వెనక్కి నడిచాడు. రెండో అంతస్తు దగ్గరే రంపం చప్పుడు వినబడింది. మిగిలిన మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా బాల్కనీకి వెళ్లి ప్లగ్గు పీకాడు. బిళ్ల నిలిచేదాకా ఆగి, జేబులోంచి ఎడమచేయి తీసి దాని పక్కన పెట్టాడు.

"చెరుకు మిషన్ గాదమ్మా. గిసొంటిదే. మూత నేనే తీసిన, పట్టా నేనే వంకర బిగించిన. నీకు అబద్ధం జెప్పిన."

తలెత్తలేకపోయాడు. విజయభాస్కర్ మూలన పడున్న మూతను తెచ్చి ఇచ్చాడు. పాండురంగ దాన్ని బిగించాడు. నెలకోసారి బిళ్ల పన్ను ఒకదానికి గుర్తు పెట్టి, పట్టా నుంచి దాని దూరం ముందూ వెనకా ఎలా కొలవాలో చూపించాడు. ప్లగ్గు తీయకుండా బిళ్లను ముట్టొద్దన్నాడు. ఆమె అన్నిటికీ తలూపింది. గోరింటాకు చేతులు రెండూ చున్నీలో చుట్టుకుని ఉన్నాయి.

అతను నాచారం చేరేలోపే ఆమె దుకాణానికి ఫోన్ చేసింది, జరిగిందంతా చెప్పి, అంత మంచిమనిషిని చూడలేదనడానికి.

"మస్తు దాసినవు మామ," దుర్గేష్ నవ్వాడు. "మా నాయినకు గూడ చెరుకురసం తాగిస్తివి." బిల్లు పుస్తకంలోకి చూస్తూ అన్నాడు. "రేపటిసంది కౌంటర్ల కూసో. ఫిట్టింగ్‌కు వేరేటోన్ని పంపుత. నీకూ జర ఆరాం."

"నేను జేసిన సెట్టింగుల ఎన్నడన్న తేడా వచ్చిందా?"

"గది గాదు మామ. నలుగురికి తెలిస్తే..."

"సరే," అన్నాడు పాండురంగ.

పొద్దున తోమిన బిళ్లకు నూనె రాసి కాగితంలో చుట్టాడు. వెనకనుంచి మూతల గోనెసంచిని ఈడ్చుకొచ్చి, వచ్చేవాళ్లందరికీ కనబడేలా కౌంటరు ముందు పెట్టాడు. ఛాయ్ తాగొస్తానని వెళ్లాడు. దుకాణం మూసే వేళకు రాలేదు. మర్నాడూ రాలేదు.

అతని మేకుకు నీలం కోటు వేలాడుతోంది. కుడి జేబు ఇవాళే కుట్టినట్టు మడత నలగకుండా ఉంది. నాలుగు రంగుల దారాలతో కుట్టిన ఎడమ జేబు మాత్రం, లోపల ఇంకా ఒక పిడికిలి ఉన్నట్టే ఉబ్బి, కిందికి సాగి ఉంది.