కందిపప్పు ఉడకని నీళ్లు

సూర్యకాంతమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ప్యాకెట్ పప్పులో రాళ్లుండవని తెలుసు. అయినా చేట ముందుంటే మనసు కాస్త కుదుటపడుతుంది. పొద్దున రొయ్యల చెరువుల దగ్గరకు బయల్దేరుతూ కొడుకు దుర్గాప్రసాదరాజు పెద్ద భారమే ఆవిడ నెత్తిన పెట్టి పోయాడు.

"భాను నా మాట వినట్లేదమ్మా. నలభై రెండేళ్లొచ్చాక విశాఖపట్నంలో పీహెచ్‌డీ అంట! సుస్థిరాభివృద్ధి అంట! మీ ఆవిడ డాక్టరయ్యాక మన రొయ్యలకి సూదిమందు వేస్తారాండీ అని మేతల షాపాయన నవ్వుతున్నాడు. నువ్వు వద్దంటే ఆగుతుంది. భోజనానికొచ్చేసరికి తేల్చెయ్."

అప్లికేషన్‌కి ఈ సాయంత్రమే ఆఖరు.

వద్దనడం ఎంతసేపు? "నాకెవరున్నారమ్మా" అంటే చాలు. అది అబద్ధమూ కాదు. మనవరాలు గీతిక హాస్టలుకి వెళ్లాక ఇంట్లో వినపడే మాట కోడలు భానుశ్రీదే. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి సూర్యకాంతమ్మ. ఇప్పుడు కళ్లకు ఆనని అక్షరాలు కోడలే చదివి వినిపిస్తుంది. వెళ్లినవాళ్లు తిరిగి రారని ఆవిడ భయం. ఊడ్పులకొచ్చే కూలి మనిషి పాపాయి, చేలు చెరువులైన ఏడు పని లేక, "రెండు నెలల్లో వచ్చేస్తానండి, ఆయ్" అని బస్సెక్కింది. ముప్ఫై ఏళ్లయింది. బస్సు హారను వినపడితే ఆవిడ ఇప్పటికీ గుమ్మంలోకి చూస్తుంది.

భానుశ్రీ వచ్చి రెండు కాగితాలు చేటలో పెట్టింది. "ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమన్నారండి అత్తయ్యగారూ. ముందు తెలుగులో రాసుకున్నాను. మీరు చదివి వద్దంటే పంపనండి." బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్లిపోయింది.

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. ఆవిడ కళ్ల కోసమే అలా రాసింది.

"పెళ్లయిన కొత్తలో నేను వండిన పప్పు ఉడికేది కాదు. ఇంట్లో వాళ్లు నా చేతిని తప్పుపట్టేవారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి కూడా నేనూ నా చేతినే తప్పుపట్టుకున్నాను. రెండో ఏడు, బియ్యం డబ్బా వెనక వంటసోడా పొట్లం దొరికింది. చిటికెడు వేస్తే పప్పు వెన్నలా ఉడికింది. తప్పు చేతిది కాదు, చుట్టూ చెరువులతో ఉప్పెక్కిన మా బోరు నీళ్లది. ఈ ఊళ్లలో ఎందరు ఆడవాళ్లు ఇలా మాటలు పడ్డారో, చెరువులూ నీళ్లూ రెండూ బతికే దారేదో తెలుసుకోవాలి..."

సూర్యకాంతమ్మ వేలు 'పొట్లం' అన్న మాట దగ్గర ఆగిపోయింది.

నీళ్లు మారిన ఏడు, పప్పు ఉడకలేదని భర్త కంచం గోడకేసి కొట్టాడు. ఆ పసుపు మరక సున్నం వేసేదాకా పోలేదు. ఆ మర్నాటి నుంచే సోడా. పొట్లం ఎవరికీ కనపడనిచ్చేది కాదు. కోడలొచ్చాక, "ఎమ్మెస్సీ చదివితే సరామ్మా, పప్పు ఉడకెయ్యడం రావద్దూ?" అని నలుగురిలో అంది. పొట్లం సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు? మాటలు పడే వంతు తనది కాకుండా పోయినందుకేమో. తర్వాత ఒకరోజు పప్పు ఉడికింది. ఎలాగని తను అడగలేదు, కోడలు చెప్పలేదు. అంటే అన్నీ తెలిసే ఇన్నాళ్లూ పేపరు చదివి వినిపించింది. ఒకే వంటింట్లో ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒంటరిగానే ఉన్నారు.

కలం తీసుకుంది. "ఇంట్లో వాళ్లు" కొట్టేసి, "మా అత్తగారు" అని రాసింది. కింద వంకర అక్షరాలతో ఇంకో ముక్క: "పొట్లం దాచింది నేనే. సూర్యకాంతమ్మ."

మేడ మెట్ల దగ్గర నిలబడి, "పంపించెయ్యమ్మా!" అని కేకేసింది.

తర్వాత వంటింట్లోకెళ్లి, తాగే నీళ్ల టిన్ను పక్కకు జరిపి, బోరు పంపు తిప్పి పప్పు పెట్టింది. సోడా వెయ్యలేదు.

మధ్యాహ్నం రాజు మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. "ఏంటమ్మా, పప్పు పలుకులు పలుకులుగా ఉంది?"

"మన నీళ్లు బాబూ. నువ్వు మర్చిపోయావు."

"భానుకి చెప్పావా?"

"వెళ్లమన్నాను."

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి నీకెవరున్నారమ్మా?"

రోడ్డు మీద ఏదో బస్సు హారను కొట్టింది. ఆవిడ గుమ్మంలోకి చూసింది. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నువ్వున్నావుగా. పప్పు నువ్వు వండు. సోడా పొట్లం దాచన్లే."