అతని కారు అద్దం

మంచు పడ్డ ప్రతి తెల్లవారుజామునా నేను రెండు కార్ల అద్దాల మీద పేరుకున్న మంచు గోకుతాను. ముందు నాది, తర్వాత నా భర్త డ్వైట్‌ది. ఎలాగూ నువ్వే ముందు లేస్తావు కదా అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఆ 'ఎలాగూ' ఇప్పటికీ నడుస్తోంది. ఎలాగూ వంటింట్లోనే ఉన్నావు, ఎలాగూ బజారు వైపే వెళ్తున్నావు, ఎలాగూ నీకు నిద్ర పట్టదు.

నిద్ర పట్టకపోవడం నా ఉద్యోగంలో భాగం. పెన్సిల్వేనియా కొండల్లో మా ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ ఉన్న ప్రభుత్వ బడులన్నిటికీ నేను సూపరింటెండెంటుని. మంచు పడితే బడి ఉందో లేదో తేల్చాల్సింది నేనే. సెలవు రావాలని పిల్లలు పైజమాలు తిరగేసి తొడుక్కుని, దిండు కింద చెంచా పెట్టుకుని పడుకుంటారు. తెల్లవారకముందే నేను తూర్పు రోడ్ల మీద కారు నడిపి చూసి వస్తాను. పడమట క్వారీ గుట్ట దారిని రోడ్ల మేస్త్రి మెర్ల్ చూస్తాడు. మా లోయలో సెల్‌ఫోన్లు సరిగ్గా పలకవు కాబట్టి అతను ఎప్పుడూ మా ఇంటి ఫోనుకే చేస్తాడు.

జనవరిలో ఆ రోజు ఫోను మోగినప్పుడు నేను బయట డ్వైట్ కారు అద్దం గోకుతున్నాను. వేళ్లు కొంకర్లు పోయి లోపలికొచ్చేసరికి అతను కాఫీ పోసుకుంటున్నాడు. తనకే.

"మెర్ల్ చేశాడు. అటువైపు మంచు కరిగేలా ఉప్పు చల్లేశారట. రెండు గంటలు ఆలస్యంగా తెరిస్తే చాలన్నాడు."

నమ్మాను. ఇంట్లో మనిషి చెప్పిన మాటకి మళ్లీ ఫోన్ చేసి రుజువు అడుగుతామా? రెండు గంటలు ఆలస్యమని ప్రకటించాను. క్వారీ గుట్ట మలుపులో బడి బస్సు జారి కాలవలోకి ఒరిగింది. బస్సు నడిపే ఫే అనే ఆవిడ మణికట్టు విరిగింది. మూడో తరగతి పిల్ల ఒకతికి నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం నేను ఆస్పత్రిలో ఆ పిల్ల తల్లి ముందు తల దించుకుని నిలబడి ఉంటే, హైస్కూల్లో కుస్తీ పోటీ జరిగింది. మా కుర్రాళ్లు గెలిచారు. వాళ్ల కోచ్ అయిన డ్వైట్‌ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారట.

నిర్ణయం నాది, తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. మెర్ల్ పేరు ఎత్తలేదు. ముసలాయన పొరపాటు పడి ఉంటాడు, ఉన్న ఉద్యోగం పోగొట్టడం ఎందుకు అనుకున్నాను. ఎదురుపడితే పక్కకి తప్పుకున్నాను. అతనూ అంతే. నేను చెప్పిన ప్రతిచోటా డ్వైట్ నా పక్కనే ఉన్నాడు, నా వీపు మీద చెయ్యి వేసి. ఎంత అండగా ఉన్నాడని పక్కింటావిడ మెచ్చుకుంది. మా అత్తగారైతే ఫోన్‌లో, "వాడికి ఈ తలవంపులు ఏం ఖర్మే లోర్నా, నువ్వు హాయిగా బళ్లో పాఠాలు చెప్పుకుంటే పోయేదానికి" అంది.

ఫిబ్రవరిలో స్కూల్ బోర్డు అధ్యక్షుడు క్లేటన్ నన్ను పిలిచాడు. డ్వైట్‌కి చిన్నప్పటి నుంచీ కుస్తీ జోడీ. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన్ని 'డాక్టర్ గారూ' అనేవాడు. ఆ డాక్టరేట్ పట్టా నాకూ ఉంది. నన్ను మాత్రం లోర్నా అంటాడు.

"చూడు లోర్నా, నువ్వు అలిసిపోయావు. ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే. కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికావట. గౌరవంగా రాజీనామా ఇచ్చేయి. కుటుంబ కారణాలని రాసుకుందాం."

తాళాల సంగతి తెలిసింది డ్వైట్ ఒక్కడికే. ఇంటికెళ్లి అడిగితే నవ్వాడు. "నీ మీద జాలి కలగాలనే చెప్పాను. సంతకం పెట్టేయి. ఎలాగూ నీకు విశ్రాంతి కావాలి." గడ్డి పరకంత అనుమానం వచ్చింది. చొక్కాలు ఇస్త్రీ చేస్తూ దాన్ని కూడా నొక్కేశాను.

నిన్న సాయంత్రం బోర్డు సమావేశం. హైస్కూలు భోజనాల హాలు నిండిపోయింది. రాజీనామా కాగితం నా ఫైల్లో ఉంది. గుమ్మం పక్కన మెర్ల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లిపోయే ముందు ఒక మాట చెప్పాలనిపించింది.

"మెర్ల్, నీ మీద నాకు కోపం లేదు."

"నా మీదా?" అతను నన్ను ఎగాదిగా చూశాడు. "కోపం రావాల్సింది నాకు కదమ్మా. గుట్ట మీద రోడ్డు గాజులా ఉంది, ఒక్క బస్సు కూడా పంపొద్దని చెప్పానా లేదా?"

"ఎవరికి?"

"మీ ఆయనకి. అలాగే, ఇప్పుడే చెప్తానన్నాడు. ఆ పూట మీరు బడి తెరిచేసరికి, ఈవిడకి నా మాటంటే లెక్కలేదనుకుని ఊరుకున్నా."

మా దగ్గర ఒక నియమం ఉంది. పగలు బడి మూస్తే సాయంత్రం ఆటలుండవు. కుస్తీ పోటీ ఉండదు. ఆ నియమం మీద సంతకం నాదే. దాన్ని ఊరంతటికంటే బాగా తెలిసినవాడు మూడో వరసలో కూర్చుని, నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ధైర్యంగా ఉండమన్నట్టు నాకేసి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. గుండె మండుతుందనుకున్నాను. మండలేదు. ఆ రోజు వేళ్లలాగే చల్లబడిపోయింది. బయటికి వెళ్లేముందు, అతను తాగబోయే కాఫీకి కూడా ఆ వేళ్లతోనే నీళ్లు పెట్టి వెళ్లానని గుర్తొచ్చింది.

క్లేటన్ బల్ల మీద సుత్తి తట్టాడు. "ఉద్యోగి సొంత విషయం కాబట్టి బోర్డు లోపలి గదిలో మాట్లాడుకుంటుంది. మిగతావాళ్లు దయచేసి..."

చర్చ నలుగురిలో జరగాలని ఆ ఉద్యోగి రాసి అడగొచ్చు. మా రాష్ట్ర చట్టం అది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, ఎవరి పరువు వాళ్లకి ముఖ్యం కనుక. రాజీనామా కాగితం తిరగేసి దాని వెనక రెండు వరసలు రాశాను. సంతకం పెట్టి క్లేటన్ ముందుంచాను.

అతను చదివి గొంతు తగ్గించాడు. "ఇది నీకే మంచిది కాదు, లోర్నా."

"లోర్నా కాదు, డాక్టర్ వెట్జెల్," అన్నాను. "ఇక్కడే మాట్లాడుకుందాం. ముందు రోడ్ల మేస్త్రిని పిలవండి. ఆ తెల్లవారుజామున మా ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పారో, ఎవరికి చెప్పారో ఆయన నోటితోనే విందాం."

మెర్ల్ టోపీ కుర్చీ మీద పెట్టి మైకు వైపు నడిచాడు. డ్వైట్ కోటు అందుకుని లేచాడు.

"కూర్చో డ్వైట్," అన్నాను మైకులోనే. "ఎలాగూ వచ్చావు కదా."