గొడుగు విరిగిన రోజు

గొడుగు తాత పోయి ఏడాది కావస్తోంది. ఆయన కథలు చదవని పిల్లలు లేరు, చదవకపోయినా చదివామని చెప్పుకోని పెద్దలూ లేరు. ప్రతి పుస్తకం వెనక అట్ట మీద నల్లగొడుగు పట్టుకుని చిరునవ్వు నవ్వే ఆయన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూపిస్తే ఏడ్చే పసివాళ్లు కూడా ఊరుకుంటారని తల్లులు మురిసిపోయేవారు. ఆ గొడుగు విరిగేలా దెబ్బ తిన్న వీపు ఒకటుందని మాత్రం ఏ అట్ట మీదా వేయలేదు. ఆ వీపు ఇప్పుడు ఒక బైండింగు షాపులో, జిగురు డబ్బాలకీ అట్టముక్కలకీ మధ్య వంగి కూర్చుని ఉంటుంది.

బైండరు గొడుగు తాతకి ఒక్కగానొక్క కొడుకు. మీసాలు రాకముందే బడి మానేసి సూదీ దారం పట్టాడు, మీసాలు నెరిసినా వదల్లేదు. షాపుకి కొత్తగా ఎవరొచ్చినా అడిగే మొదటి మాట ఒకటే.

"అసలు బుడంకాయ మీరేనటగా?"

బుడంకాయ అంటే తాత కథల్లో పిల్లవాడు. బడి ఎగ్గొడతాడు, మేష్టారికి ఎదురు సమాధానం చెబుతాడు, కిటికీ పగలగొడతాడు. చివర్లో వాళ్ల నాన్న పకపకా నవ్వి వాణ్ణి భుజం మీద ఎక్కించుకుంటాడు. ప్రతి కథలోనూ ఎక్కించుకుంటాడు. పాపం, ఆ భుజానికి విశ్రాంతే లేదు.

"అలాంటి నాన్న దొరకడం ఎంత అదృష్టమండీ!"

"అవునండీ. మీ పుస్తకం రేపు ఇస్తాను," అనేవాడు బైండరు. అతని భాషలో రేపంటే పై వారం. అదృష్టం గురించి మాట్లాడినవాళ్లకైతే ఆపై వారం.

ఒకనాటి ఉదయం అక్కా బావా ఆటోలో ఒక ట్రంకుపెట్టె వేసుకుని వచ్చారు. బావ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఇంట్లో వినేవాళ్లు లేక మామగారి పేరు మీద స్మారక సంఘం పెట్టి దానికి కార్యదర్శి అయ్యాడు.

"తమ్ముడూ, నాన్న డైరీలురా," అంది అక్క, చంటిపిల్లను ఒళ్లో పెడుతున్నట్టు. "గ్రంథాలయంలో నాన్నకి ఒక గది ఇచ్చారుగా. అద్దాల బీరువా చేయించాం. ఇవన్నీ ఒకే సైజులో బైండు చేసి పెట్టు."

"ఊళ్లో బైండర్లంతా చచ్చారా?"

"కొడుకు చేతుల మీదుగా జరిగితే అందంగా ఉంటుందయ్యా," అన్నాడు బావ. "ఆ ముక్క ప్రసంగంలో కూడా రాసేసుకున్నాను."

బైండరు పెట్టె తెరిచాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బ్యాంకులు పంచినవి కొన్ని, మందుల కంపెనీలు పంచినవి కొన్ని. "ఒకే సైజంటే అన్నిట్లోకీ చిన్నదాని కొలతకి కొయ్యాలి బావా. అంచుల మీద రాసినవన్నీ పోతాయి."

"పోనీ. అంచుల మీద ఏముంటాయి, పాలవాడు రాలేదని, చాకలి వచ్చాడని! బీరువా కొలతలు వడ్రంగికి ఎప్పుడో ఇచ్చేశాం. ఆఁ, ఇంకో మాట. ఎర్ర కాగితాలు పెట్టిన పేజీలు ఊడదీసెయ్. అవి చిత్తు."

"డైరీకి చిత్తేమిటి బావా? రోజుని కూడా ముందు చిత్తు రాసి తర్వాత సాపు చేస్తారా?"

"మీ నాన్నగారు మామూలు మనిషనుకున్నావా? దేన్నీ ఒక్కసారి రాసి వదిలేసేవారు కాదు. చివరి డైరీలో సాపుప్రతి ఉంది, పచ్చ కాగితం పెట్టాను. బీరువాలో ఆ పేజీ తెరిచి పెడతాం. చదివితే రాయి కూడా కరుగుతుంది."

"నువ్వు చదివావా అక్కా?"

అక్క పెట్టె గొళ్లెం సర్దింది. "నాకెక్కడ తీరిందిరా? బావ చదివారుగా."

వాళ్లు వెళ్లాక బైండరు షట్టరు సగానికి దించాడు. ఆ పెట్టెలో అతనికి కావలసింది ఒకే ఒక్క రోజు. ఇక బడికి వెళ్లనని చెప్పిన రోజు. ఆ రోజు నాన్న అతని వీపు మీద గొడుగు విరగ్గొట్టి, గదిలోకి వెళ్లి తలుపేసుకుని రాసుకున్నాడు. తలుపు అవతల కలం బరబరలాడడం ఇప్పటికీ అతని చెవుల్లో ఉంది. ఆ తర్వాత నాన్న అతనితో నేరుగా మాట్లాడలేదు. "వాడు తిన్నాడేమో అడుగు," "వాడికి చెప్పు," అని అంతా అమ్మ ద్వారానే. అమ్మ పోయాక ఆ దారీ మూసుకుపోయింది. ఆ చేయి ఆ రోజు ఏం రాసిందా అని బైండరు ఒక జీవితమంతా ఆలోచించాడు. తిట్టి ఉన్నా ఫర్వాలేదు. పేజీ నిండా తిడితే చాలు, తనకంటూ ఒక పేజీ ఉన్నట్టేగా.

పాత డైరీలు తిరగేశాడు. "మోకాలి నొప్పి. బుడంకాయ కథ సగమైంది. పక్కింటి పిల్లల గోల, కిటికీ మూశాను." ఊరి పిల్లలందరినీ నవ్వించడానికి పక్కింటి పిల్లల మొహాన కిటికీ వేయక తప్పదు కాబోలు. మహానుభావుల కష్టాలు మనకేం తెలుస్తాయి!

ఆ రోజు దొరికింది. దాని మీదే ఎర్ర కాగితం ఉంది.

"జల్లు. వాడు ఇక బడికి పోనన్నాడు. గొడుగు విరిగింది. మంచి గొడుగు. బాగుచేసేవాడు ఉన్నాడేమో కనుక్కోవాలి."

అంతే. కొడుక్కి ఒక వాక్యం, గొడుక్కి మూడు. బైండరు పేజీ తిప్పి వెనక కూడా చూశాడు. వెనక మోకాలి నొప్పి ఉంది.

మరుసటి ఏడాది డైరీ తీశాడు. అందులోనూ అదే తేదీ దగ్గర ఎర్ర కాగితం. "పోయినేడాది ఇదే రోజు. కొట్టింది చేత్తోనేమో. గొడుగు తలుపుకి తగిలి విరిగి ఉంటుంది." ఆ పై ఏడాదికి చెయ్యి కూడా పోయింది, ఒట్టి కేకలే మిగిలాయి. ఇంకో డైరీలో జల్లు కాస్తా జోరువానైంది. మరోదాంట్లో తండ్రి కళ్లు తడిశాయి. ఏడాదికోసారి, తద్దినం పెట్టినట్టు, గొడుగు తాత ఆ రోజుని బయటికి తీసి కొట్టివేతలతో, పైరాతలతో దిద్దుతూ వచ్చాడు. అందరూ పద్యమో కథో దిద్దుకుంటారు. ఈయన జరిగిపోయినదానికే ప్రూఫులు చూశాడు.

పచ్చ కాగితం పెట్టిన చివరి పేజీ ముత్యాల్లాంటి దస్తూరీతో ఉంది. "కుండపోత. వాడు బడి గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాడు. వెళ్లి గొడుగు పట్టాను. నాన్నా, నాకు బడి వద్దన్నాడు. అయితే ఇంటికి పోదాం పదరా అన్నాను. ఒక్క గొడుగు కింద ఇద్దరం నడిచి వచ్చాం."

ఎంత బాగా రాశాడంటే బైండరుకే నమ్మబుద్ధేసింది. వీపు ఒక్కటే ఒప్పుకోలేదు.

మధ్యలో ఒక డైరీ మిగిలింది. అన్నిటికన్నా పొడుగుది, అమ్మ పోయిన ఏడాదిది. ఆ ఏడాది రాతలో గొడుగు మళ్లీ విరిగింది, వీపు మీదే. "విరిగాక వాడు నా మొహంలోకి చూశాడు. చూసి అన్నాడు" అని రాసి ఉంది. దాని కింద 'నాన్నా, కొట్టకు' అని రాసి కొట్టేశాడు. 'ఇంకా కొట్టు' అని రాసి కొట్టేశాడు. 'నేను బుడంకాయని కాదు' అని రాసి, కాగితం చిరిగేలా కొట్టేశాడు. బుడంకాయకి మాట అందించడానికి ఏనాడూ తడుముకోని కలం అక్కడ చతికిలబడింది. మిగతా పేజీ అంతా ఖాళీ. చిట్టచివరి అంచున మాత్రం పెన్సిలుతో, నిలువుగా, చీమల బారులా ఉంది: "వాడేమన్నాడో గుర్తులేదు. వాణ్ణి అడగాలి."

బైండరు ఆ డైరీ మూసి గుమ్మం వైపు చూశాడు. అమ్మ పోయిన ఏడాదే, ఒక వాన మధ్యాహ్నం, నాన్న గొడుగు ముడుచుకుని ఈ షాపు గుమ్మంలోకి వచ్చాడు. ఉన్నది రెండు వీధుల అవతలే అయినా అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అట్టల వైపు చూశాడు, కత్తెర వైపు చూశాడు. "ఈ జిగురు ఆరడానికి ఎంత సేపు పడుతుంది?" అన్నాడు. "వాన రోజుల్లో ఆలస్యమవుతుంది," అన్నాడు బైండరు తలెత్తకుండా. "ఓహో," అని నాన్న వెళ్లిపోయాడు. అంతమంది పిల్లల చేత మాట్లాడించిన మనిషి అంత దూరం నడిచి వచ్చి జిగురు గురించి కనుక్కుని వెళ్లాడు. తండ్రికి తగ్గ కొడుకు కూడా జిగురు గురించే చెప్పాడు.

మర్నాడు డైరీలన్నీ ఒక్కొక్కటే కోత మిషనులో పెట్టాడు. చిన్నదాని కొలతకి పాలవాళ్లూ చాకళ్లూ రాలిపోయారు. పొడుగు డైరీ పెట్టి చక్రం తిప్పబోతే కత్తి నీడ సరిగ్గా ఆ పెన్సిలు బారు మీద పడింది. బైండరు తిట్టుకున్నాడు. నాన్ననో, వడ్రంగినో, తననో అతనికే తెలియలేదు. డైరీ బయటికి లాగేశాడు. ఎర్ర కాగితాలు పీకి చెత్తబుట్టలో వేశాడు. చిత్తూ సాపూ అని చూడకుండా ప్రతి పేజీనీ కుట్టేశాడు.

గది తెరిచే రోజు పొద్దున్నే బీరువా సర్దుతుంటే పొడుగు పుస్తకం అరలో పట్టలేదు. అడ్డంగా పెడితే తలుపు మూసుకోలేదు. బావ మొహం కొత్తగా వేసిన ఎర్ర అట్టలతో పోటీ పడింది.

"ఏమిటయ్యా ఇది? కొలత ఇచ్చాను కదా! అన్నీ బుద్ధిగా నిలబడితే ఇదొక్కటి తల బయటపెట్టి చూస్తోంది."

"ఒక్కటైనా చూడనివ్వండి బావా."

"వెటకారమా? అతిథులు వచ్చే వేళైంది. బల్ల మీద పడెయ్, దాని మీద దండ పెడదాం."

అద్దం వెనక లేని పుస్తకం అదొక్కటే కాబట్టి అక్క చేయి దాని మీద పడింది. బైండరు అన్నిసార్లు తెరిచి చూసిన పేజీ దగ్గరే అది విచ్చుకుంది. అక్క నిలబడే చదివింది. చదువుతూ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. తర్వాత పుస్తకం నిలువుగా తిప్పి అంచు చదివింది.

"ఏరా," అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా. "ఇంతకీ ఆ రోజు ఏమన్నావురా?"

ఎన్నో ఏళ్లుగా ఈ ప్రశ్న కోసం కూర్చున్నవాడి నాలుక చివర మంచి మాట ఒకటి సిద్ధంగా ఉండాలి. బుడంకాయకైతే ఉండేది. విన్నవాళ్లంతా గొల్లున నవ్వేవారు.

"ఏమీ అన్లేదక్కా. గొడుగు ఊచలు నేల మీద పడ్డాయి. ఏరి నాన్న చేతికిచ్చాను."

అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.

"అద్భుతమయ్యా! మన సంఘం వేసే పుస్తకం ముందుమాటలో వేసేద్దాం. కాకపోతే, ఊచలిచ్చాక మీ నాన్నగారు నిన్ను దగ్గరికి తీసుకున్నట్టు చిన్న వాక్యం ఒకటి తగిలిస్తే..."

"తగిలించండి బావా," అన్నాడు బైండరు, బల్ల మీది దండ తీసి పక్కన పెడుతూ. "అంచు మీద రాయండి. కోత వేసేది నేనేగా."